లీవ్ అంటే పోవుడా, ఉంచుడా?

నజ్మా నుంచి మాట్లాడుతున్న. మా రూం సూక్ హరాజ్‌కు నడిచిపోయేంత దూరమే. ఇయ్యాల శుక్రవారం, నడుమ నడుమ పికప్ హారన్లు, మంచాలు దించే చప్పుడు వినిపిస్తే ఏమనుకోవద్దు. పాత సామాను కొనేటోళ్లు, అమ్మేటోళ్లు అందరూ ఇటే వస్తరు. మా రూంల ఏసీ కూడా అక్కడ కొన్నదే. దాని మోత మీకు వినిపిస్తనే ఉంటది. వినే వీలు లేనోళ్ల కోసం ఎప్పటి లెక్కనే ఇదంతా రాసి కూడా పెడుతున్నం.

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. కొత్తగ వచ్చిండట, షట్టరింగ్ హెల్పర్. "అన్నా, నాకు ఇంగ్లీషు రాదు. అంతా నేర్చుకునే ఓపిక లేదు. ఒక్క మాట మంచిగ నేర్చుకోమంటే ఏ మాట చెప్తవు?" అని అడిగిండు. మా రూమోళ్లను అడిగితే ఒకడు "సాలరీ" అన్నడు, ఇంకొకడు "ఓవర్‌టైం" అన్నడు. తమాషాకు అన్నరు గానీ, అవి నేర్పకున్నా వస్తయి. నేను రెండు దినాలు ఆలోచన చేసిన. నేను చెప్పే మాట "లీవ్".

మీరు నవ్వుతరని తెలుసు. లీవ్ ఎవరికి తెలువది? బడికి పోని మా అమ్మకు కూడా తెలుసు. "బిడ్డా, లీవ్ ఎప్పుడు దొరుకుతది?" అని ప్రతి వారం అడుగుతది. తెలిసిన మాటే గనక దాని మీద మనకు అనుమానం రాదు. అదే ముంచుతది.

ముందు సైటు సంగతి చెప్త. నేను కరీంనగర్‌ల ఐటీఐ చేసినోణ్ణి, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. చదువంతా తెలుగు మీడియం. 2008ల ఖతర్ వచ్చినప్పుడు డ్రాయింగ్ చదువ వచ్చేది గానీ, ఇంజనీర్ నోరు తెరిస్తే సగం అర్థమయ్యేది కాదు. ఫోర్‌మన్ అయినంక వేరే కష్టం మొదలైంది. కిందోళ్లకు నేను చెప్పాలె. వాళ్లల్ల నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్లు, మనోళ్లు, తమిళోళ్లు. అందరికీ కలిసే భాష ఏంటిదంటే కొంచెం హిందీ, కొంచెం అరబీ, నడుమ నడుమ ఇంగ్లీషు ముక్కలు. ఆ ముక్కలల్ల "లీవ్" ఒకటి.

ఒకసారి క్రేన్‌తోని గోడ షట్టర్ ప్యానెల్ దించుతున్నం. ప్యానెల్ తిరగకుండ రెండు దిక్కుల తాళ్లు కట్టి చెరొకరు పట్టుకుంటరు గదా, మనం ట్యాగ్ లైన్ అంటం. ఒక తాడు పట్టుకున్న హెల్పర్ తమ్ముడు కింద పడున్న చెక్కముక్కను కాలుతోని పక్కకు తన్నబోయిండు. నేను దూరం నుంచి చూసి అరిచిన: "ఏయ్! లీవ్ ఇట్!" నా మనసుల ఉన్నది ఏంది? ఆ చెక్క సంగతి ఇడిసిపెట్టు, దాన్ని ముట్టకు, తాడు మీద చూపు పెట్టు అని. వాడు విన్నది ఏంది? "ఇడిసిపెట్టు." చేతుల ఉన్నది తాడు. తాడు ఇడిసిపెట్టిండు.

ప్యానెల్ గిర్రున తిరిగింది. రెండో దిక్కు ఉన్న నేపాలీ తమ్ముడు గట్టిగ పట్టుకున్నడు గనక, క్రేన్ ఆపరేటర్ అప్పుడే ఆపిండు గనక ఎవరికీ తగలలేదు. గోడకు కట్టిన స్టీలుకు గుద్దుకొని ఆగింది. అక్కడ మనిషి ఉంటే నేనియ్యాల ఈ ఎపిసోడ్ చేసేటోణ్ణి కాదు.

వాణ్ణి తిట్టిన. వాడు ఒక్కటే మాట అన్నడు: "నువ్వే గదనే ఇడువుమన్నవ్." నిజమే గదా. మన తెలుగుల "ఇడిసిపెట్టు" రెంటికీ వస్తది. "ఆ సామాను ఆన్నే ఇడిసిపెట్టు" అంటే ముట్టకు, ఉండనియ్యి. "నా చెయ్యి ఇడిసిపెట్టు" అంటే పట్టు వదులు. హిందీల "ఛోడో" కూడా అంతే. అందుకే మన దేశపోళ్లం ఇంగ్లీషుల "లీవ్ మై హ్యాండ్" అంటం. ఇంగ్లండ్ మనిషి అట్ల అనడు. పట్టు వదులుమంటే "లెట్ గో" అంటడు. "లీవ్ ఇట్" అంటే వాని లెక్కల ఎక్కడున్నది అక్కడ ఉండనియ్యి, ముట్టకు అని. అంటే మనకు చెయ్యి తీసెయ్యి అని వినిపించే మాట, వానికి చెయ్యి పెట్టకు అని. సైటుల ఈ రెంటికీ నడుమ ఒక మనిషి ప్రాణం పట్టేంత సందు ఉన్నది.

ప్రాపుల సంగతి కూడా ఇంతే. స్లాబ్ పోసినంక ఇంజనీర్ "లీవ్ ద ప్రాప్స్" అంటడు. ఉంచుమని అర్థం. మన ఐఎస్ 456 లెక్కనైతే మామూలు సిమెంటుకు స్పాన్ 4.5 మీటర్ల దాకా ఉంటే స్లాబ్ కింది ప్రాపులు 7 దినాలు, అంతకు మించితే 14 దినాలు ఉండాలె. కొత్త కార్పెంటర్ ఆ మాట విని "ప్రాపులు వదులు చెయ్యమన్నడు" అనుకొని నట్టు తిప్పిండనుకోండి, స్లాబ్ ఏం జేస్తది? అందుకే మా గ్యాంగుల నేను పదేండ్ల నుంచి ఒక పద్ధతి పెట్టిన. లోడ్ గాలిల ఉన్నప్పుడు "లీవ్" అనే మాట ఎవరూ అనొద్దు. "హోల్డ్", "స్టాప్", "స్లోలీ", "లెట్ గో", ఇవి నాలుగే. ప్రాపుల కాడ "డోంట్ టచ్" అంటం. ఇంగ్లీషు అందంగ లేకున్నా మంచిదే.

ఇగ "లెఫ్ట్" సంగతి. అది లీవ్‌కు చెల్లెలే. "హీ లెఫ్ట్" అంటే పోయిండు. "టూ బ్యాగ్స్ లెఫ్ట్" అంటే రెండు సంచులు మిగిలినయి. ఎడమ దిక్కు లెఫ్ట్ సరేసరి, ఆ మాట వేరే. ఒకే మాట పోయినోనికీ వస్తది, మిగిలినోనికీ వస్తది. ఒకసారి ఫైర్ డ్రిల్ పెట్టిండ్రు. సేఫ్టీ ఆఫీసర్ అసెంబ్లీ పాయింట్ కాడ నిలబడి బేస్‌మెంట్ నుంచి వచ్చిన మా చార్జ్‌హ్యాండ్‌ను అడిగిండు, "ఎనీబడీ లెఫ్ట్?" అంటే లోపట ఎవరన్న మిగిలిండ్రా అని. మావోడు సమజ్ చేసుకున్నది: ఎవరన్న గుంపును ఇడిసి పోయిండ్రా అని. "నో సార్, నోబడీ లెఫ్ట్" అన్నడు ఖుషీగ. ఆఫీసర్ రాసుకున్నడు: లోపట ఎవరూ లేరు. లెక్క చూస్తే ఒకడు తక్కువ. వాడు బేస్‌మెంట్ పంప్ రూంల హెడ్‌ఫోన్ పెట్టుకొని పని చేస్తనే ఉన్నడు, సైరన్ వినలే. డ్రిల్ గనక నవ్వుకున్నం. ఇప్పుడు మేం "ఎనీబడీ ఇన్‌సైడ్?" అని అడుగుతం. "హౌ మెనీ?" అని నంబర్ అడుగుతం. నంబర్‌కు రెండు అర్థాలు ఉండయి.

ఈ మాట ఇట్ల రెండు మొకాలు ఎందుకు పెట్టుకున్నదని నాకు చాన రోజులు అనుమానం ఉండె. డిక్షనరీలల్ల వెతికితే తెలిసింది, అసలు ఇవి రెండు వేరు వేరు మాటలు. వెయ్యేండ్ల కిందటి ఇంగ్లీషుల ఒక మాటకు అర్థం అనుమతి. మనం కంపెనీల అడిగే లీవ్ అదే. అంటే "లీవ్ ఇయ్యండి" అనుడు అంటే "అనుమతి ఇయ్యండి" అనుడే. రెండో మాటకు అర్థం మిగిల్చుడు, ఎనక ఉండనిచ్చుడు. ఊరిని ఎనక ఉంచి మనిషి ముందుకు పోతడు గదా, అట్ల దానికి "పోవుడు" అనే అర్థం వచ్చి చేరింది. కాలం గడిచి రెంటికీ స్పెల్లింగ్ ఒకటే అయింది. గుంపుల ఒకే పేరున్న ఇద్దరు ఉంటే జీతం స్లిప్పులు మారినట్టు.

మన మాట చూడండి మరి. "సెలవు". మా తాత పటేల్ ఇంటి నుంచి వచ్చేటప్పుడు "సెలవిప్పించుండ్రి" అనేటోడు. అది అనుమతి అడుగుడు. బడికి సెలవు అంటే చుట్టి. ఉత్తరం చివర "ఇక సెలవు" అంటే పోతున్న అని. ఇక్కడి అరబీల లీవ్‌ను "ఇజాజా" అంటరు. హైదరాబాద్ దిక్కు ఉర్దూ తెలిసినోళ్లు వెంటనే గుర్తుపడతరు, "ఇజాజత్" అంటే అనుమతి. అన్ని భాషలల్ల ఒకటే కథ: ఇంటికి పోవాలంటే ఎవరో ఒకరి అనుమతి కావాలె. మా రూంల తిరునెల్వేలి దిక్కు ప్లంబర్ ఒకాయన ఉండె. మేం "సెలవు దొరికింది" అంటే నవ్వేటోడు. తమిళంల సెలవు అంటే ఖర్చట. ఇంటికి పోతే రెండూ ఒకటే గదా అనేటోడు. టికెట్, సబ్బులు, చాక్లెట్లు, చుట్టాలకు ఫోన్లు... ఆయన మాట తప్పని నేనైతే అనలేను.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. దీన్ని ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలే. చెప్పాలెనా వద్దా అని ఈ మైకు ముందట కూడా రెండు సార్లు ఆపి మళ్లీ మొదలు పెట్టిన.

2014 సంగతి. మా పక్క ఊరి తమ్ముడు, షట్టరింగ్ కార్పెంటర్, నేనున్న కంపెనీలనే పని. తిండి పైసలు కలుపుకొని 1200 రియాల్. మూడేండ్లయింది ఇంటికి పోక. ఊర్ల అప్పు ఉండె, రెండు రూపాల మిత్తి. అయినా చెల్లె పెండ్లి పెట్టుకున్నరని లీవ్ అడుగుదామనుకున్నడు. "అన్నా, నువ్వు ఇంగ్లీషు రాస్తవు గదా, లెటర్ రాసియ్యవా" అని రాత్రి అన్నం తిన్నంక వచ్చిండు. నేను అప్పటికే గ్యాంగ్ మొత్తంల చదువుకున్నోణ్ణి అని పేరు. ఆ పేరు నాకు ఇష్టంగనే ఉండేది, ఎందుకు అబద్ధం.

తెల్ల కాగితం తీసి బుద్ధిగ రాసిన. రెస్పెక్టెడ్ సర్, ఐ యాం వర్కింగ్ యాజ్ కార్పెంటర్, మై సిస్టర్ మ్యారేజ్... అన్ని రాసినంక చివరి లైన్ ఇది: "సో ఐ వాంట్ టు లీవ్ ఫ్రం 10 ఆగస్ట్." అంతే. కింద తమ్ముడు సంతకం పెట్టిండు. వానికి తెలుగు సంతకమే వస్తది, మంచిగ గుండ్రంగ పెట్టిండు.

ఐ వాంట్ లీవ్ అంటే నాకు సెలవు కావాలె. ఐ వాంట్ టు లీవ్ అంటే నేను ఇడిసి పోత. నడుమ "టు" అనే ఒక్క ముక్క. అది పెడితే ఇంగ్లీషు ఇంకా బాగుంటదని పెట్టిన.

వారం తిరగకముందే ఆఫీసోళ్లు పిలిచిండ్రు. "అప్రూవ్డ్" అన్నరు. అంత తొందరగ ఎవ్వరికీ లీవ్ వచ్చింది లేదు. ఏవో రెండు మూడు కాగితాల మీద, కొన్ని అరబీవి, సంతకాలు పెట్టించుకున్నరు. ఐడీ కార్డు తీసుకున్నరు. పైసలు ఇచ్చిండ్రు. లీవ్ సాలరీ ఇంతే వస్తదని మేం లెక్క వేసుకున్నదానికంటే చాన ఎక్కువ వచ్చింది. మాకు అప్పుడైనా అనుమానం రావాలె. రాలేదు. కంపెనీ మంచిదిరా అనుకున్నం. వాడు ఆ రాత్రి రూమోళ్లందరికీ చికెన్ బిర్యానీ తెప్పించిండు. మేం తిన్నం.

తర్వాత తెలిసింది, అది లీవ్ సాలరీ కాదు, ఫైనల్ సెటిల్‌మెంట్. సర్వీస్ పైసలు కలిపి ఇచ్చిండ్రు.

పెండ్లి అయింది. నలభై దినాలకు వాడు ఊరి నుంచి ఫోన్ చేసిండు, "అన్నా, రిటర్న్ టికెట్ పంపుతలేరు, ఒకసారి ఆఫీసుల అడుగు" అని. పోయిన. క్లర్క్ ఫైల్ తీసి నా ముందట పెట్టిండు. నా చేతిరాత. వేలు పెట్టి ఆ లైన్ చూపించిండు. "హీ వాంటెడ్ టు లీవ్" అన్నడు. అందులో వెటకారం కూడా లేదు. నిజంగనే వాడు రాజీనామా చేసిండని అనుకున్నరో, పని తగ్గింది గనక కలిసొచ్చిందని ఊకున్నరో, చెల్లె పెండ్లి అని పైననే రాసి ఉన్నది గదా, ఒక్క మాట అడగొద్దా... నాకు ఇప్పటికీ తెలువది. అడిగేంత ధైర్యం ఆ రోజు లేదు. అది రాసింది నేనని కూడా ఆ క్లర్క్‌కు చెప్పలే.

ఆ కాలంల చట్టం ఎట్లుండెనో కొత్తోళ్లకు తెలువదు, చెప్త. అప్పుడు 2009ల వచ్చిన 4వ నంబర్ చట్టం నడుస్తుండె. దేశం దాటాలంటే కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఇయ్యాలె. అంటే ఇంగ్లీషుల చెప్పాలంటే, లీవ్ కావాలంటే లీవ్ కావాలె. ఒకసారి పని ఇడిసి పోయినోడు వేరే కంపెనీ వీసా మీద రావాలంటే రెండేండ్లు ఆగాలె. ఆ రెండేండ్ల అడ్డం 2015 నాటి 21వ నంబర్ చట్టంతోని పోయింది, అది అమలుకు వచ్చింది 2016 డిసెంబర్‌ల. మా తమ్మునికి అది చానా ఆలస్యం. వీసా కేన్సిల్, రెండేండ్లు రావొద్దు, నెత్తి మీద మిత్తి. ఊర్ల ఆటో కిరాయికి తీసుకొని నడిపిండు. మూడు నెలలు మిత్తి నేను కట్టిన. కంపెనీ మోసం చేసిందిరా అని వానికి చెప్పిన. ఊర్ల అందరికీ అదే చెప్పిన.

ఇప్పుడు చట్టం మారింది, అది కూడా చెప్పాలె, లేకుంటే పాత భయాలే పట్టుకొని ఉంటం. 2018 అక్టోబర్ నుంచి కార్మిక చట్టం కిందికి వచ్చే చానమందికి ఎగ్జిట్ పర్మిట్ లేదు, 2020 జనవరిల మిగిలినోళ్లకు కూడా, ఇండ్లల్ల పనిచేసేటోళ్లతో సహా, చాన వరకు తీసేసిండ్రు. 2020 చట్టాలతోని వేరే పనికి పోవాలంటే ఎన్ఓసీ అవసరం లేకుండ పోయింది. నోటీస్ ఇయ్యాలె: సర్వీస్ రెండేండ్ల లోపట ఉంటే ఒక నెల, దాటితే రెండు నెలలు. అంటే ఇయ్యాల ఎవరన్న నా లెక్కనే "టు" పెట్టి రాస్తే రెండేండ్ల శిక్ష పడది. కానీ రాజీనామా రాజీనామానే. ఆ కాగితం ఇచ్చిన దినం నుంచి నోటీస్ నడుస్తది.

లీవ్ మన హక్కు అని కూడా చానమందికి తెలువది. 2004 నాటి 14వ నంబర్ కార్మిక చట్టం ప్రకారం ఏడాది నిండితే జీతంతో కూడిన లీవ్ వస్తది. సర్వీస్ ఐదేండ్ల లోపట ఉన్నోళ్లకు ఏడాదికి మూడు వారాలకు తక్కువ కాకుండ, ఐదేండ్లు దాటితే నాలుగు వారాలు. "నాకు లీవ్ వద్దు" అని మనతోని రాయించుకున్నా ఆ రాత చెల్లదు. లీవ్ తీసుకోకముందే పని అయిపోతే ఆ దినాల పైసలు కట్టియ్యాలె. ఇండ్లల్ల పనిచేసే అక్కలకు వేరే చట్టం, 2017ల వచ్చింది, వాళ్లకూ ఏడాదికి మూడు వారాలు ఉన్నది. సిక్ లీవ్ వేరే లెక్క: పనిల చేరి మూడు నెలలు దాటినంక, డాక్టర్ కాగితం ఉంటే, మొదటి రెండు వారాలు పూర్తి జీతం, ఆ తర్వాత నాలుగు వారాలు సగం. జ్వరమొచ్చి రూంల పండుకుంటే అది సిక్ లీవ్ కాదు, ఆబ్సెంట్. కాగితం తెచ్చుకోండి.

ఆబ్సెంట్ చిన్న మాట కాదు. సరైన కారణం లేకుండ వరుసగ ఏడు దినాలకు మించి, లేకుంటే ఏడాదిల మొత్తం పదిహేను దినాలకు మించి రాకపోతే, నోటీస్ లేకుండ, సర్వీస్ పైసలు లేకుండ తీసేసే అధికారం చట్టమే కంపెనీకి ఇచ్చింది. లీవ్‌కు పోయి అమ్మకు బాగలేదని పది దినాలు ఎక్కువ ఉన్నోళ్లు ఈ గుంతలనే పడతరు. ఊర్ల నుంచి ఫోన్ చేసి ఫోర్‌మన్‌కు చెప్తే సరిపోదు. నాకు రోజుకు ఇరవై ఫోన్లు వస్తయి, నేను మర్చిపోత. వాట్సప్‌ల అయినా, ఈమెయిల్‌ల అయినా ఆఫీసుకు రాసి పంపండి, వాళ్లు "ఓకే" అన్నది దాచుకోండి.

లెటర్ ఎట్ల రాయాలె అంటరా? నేను ఇప్పుడు రాసేది ఇది, రాసుకోండి: "ఐ రిక్వెస్ట్ యాన్యువల్ లీవ్ ఫ్రం" ఫలానా తారీఖు, "టు" ఫలానా తారీఖు. "ఐ విల్ కమ్ బ్యాక్ అండ్ జాయిన్ డ్యూటీ ఆన్" ఫలానా తారీఖు. రెండో లైన్ లేని లెటర్ నేను రాయను, రాసినోళ్ల దాని మీద మీరు సంతకం పెట్టకండి.

ఆ రెండో లైన్ గురించి ఒక మాట చెప్పాలె. మన ఊర్లల్ల ఇంట్లకెల్లి బయటికి పోయేటోడు "పోత" అని అనడు. అంటే ముసలోళ్లు తిడతరు, అపశకునం అని. "పోయొస్త" అంటడు. ఫోన్ పెట్టేసేటప్పుడు కూడా చూడండి, "ఉంట మరి" అంటం. పోయేటోడు వస్త అంటడు, ఫోన్ పెట్టేటోడు ఉంట అంటడు. మన మాటల తిరిగొచ్చుడు లోపటనే ఉన్నది, వేరేగ చెప్పే పని లేదు. ఇంగ్లీషు లీవ్‌ల అది లేదు. పోవుడు ఒక్కటే ఉన్నది. వచ్చుడు మనం వేరే లైన్‌ల రాయాలె. నేను ఆ రాత్రి మనసుల "పోయొస్త" అనుకొని కాగితం మీద "పోత" అని రాసిన.

అరబీ కాగితం గురించి కూడా వినండి. ఇక్కడ చట్టం ప్రకారం కాంట్రాక్టులు, కంపెనీ కాగితాలు అరబీల ఉండాలె. పక్కన ఇంగ్లీషు తర్జుమా ఉండొచ్చు గానీ, రెంటికీ తేడా వస్తే అరబీదే లెక్క. అందుకే ఇంగ్లీషు చదివి ధైర్యం పడొద్దు. ఫోన్‌ల ఫోటో తీసి తర్జుమా చేసే యాప్‌లు ఇప్పుడు ఫ్రీగ ఉన్నయి. అది నూటికి నూరు కరెక్ట్ కాదు, అయినా రాజీనామాకు, సెలవుకు తేడా చెప్తది. 2014ల మాకు ఆ ఫోన్లు లేవు. అడుగుదామంటే ఎంబసీ కింద నడిచే ఐసీబీఎఫ్ వాళ్లు ఉన్నరు, మన తెలుగు సంఘాలోళ్లు ఉన్నరు. సంతకం పెట్టినంక కాదు, ముందు అడగండి. "టుమారో సైన్" అని చెప్పుటానికి ఇంగ్లీషు ఎక్కువ అక్కరలేదు.

మా తమ్ముని సంగతి మిగిలింది. పోయిన ఏడాది నేను లీవ్‌కు పోయినప్పుడు కోరుట్ల బస్టాండ్ కాడ కలిసిండు. ఆటో ఇప్పుడు సొంతది. చాయ్ తాగుతున్నం. ఎందుకో ఆ రోజు నోరు ఆగలేదు. చెప్పిన. "తమ్మీ, కంపెనీ కాదురా, ఆ లెటర్‌ల తప్పు రాసింది నేను" అని. వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి కొద్దిసేపు ఊకున్నడు. తర్వాత అన్నడు:

"నాకు ఎరుకే అన్నా. ఆ లెటర్ జిరాక్స్ నా తాన ఉండె గదా. బిడ్డ ఇంగ్లీష్ మీడియం. ఐదో తరగతిల ఉన్నప్పుడు పెట్టెల దొరికితే చదివింది. 'నాయ్నా, నువ్వు పని ఇడిసిపెడ్తనని రాసినవేంది?' అన్నది."

"మరి నాకు ఎందుకు చెప్పలే?" అని అడిగిన.

"చెప్తే నువ్వు మిత్తి పైసలు ఇచ్చింది ఎందుకో నాకు తెలిసిపోయినట్టు అయితది గదా" అన్నడు.

దానికి నా దగ్గర జవాబు లేకుండె. చాయ్ పైసలు నేను ఇయ్యబోతే వాడు ఇయ్యనియ్యలే.

మొన్న వాని నుంచి వాట్సప్ వచ్చింది. వాని బామ్మర్ది ఒమాన్‌ల ఉన్నడు, లీవ్ లెటర్ కావాలట. బిడ్డ రాసిందట, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. "ఒకసారి నువ్వు కూడా చూడన్నా" అని ఫోటో పెట్టిండు. చూసిన. రెండు లైన్లే రాసింది. తారీఖులు రెండూ ఉన్నయి. ఒక్క స్పెల్లింగ్ కూడా దిద్దే పని పడలేదు. బొటనవేలు గుర్తు పెట్టి పంపిన.

మీ లెటర్లు ఏమన్న ఉంటే శుక్రవారం అసర్ నమాజ్ అయినంక రూంలనే ఉంట, నజ్మా దిక్కు ఉన్నోళ్లు పట్టుకొని రండి. దూరమున్నోళ్లు ఫోటో పెట్టండి, పేరు, ఐడీ నంబర్ కనపడకుండ వేలు అడ్డం పెట్టి తీయండి. వచ్చేవారం ఓవర్‌టైం లెక్కలు మాట్లాడుకుందాం, ఆ హెల్పర్ తమ్ముడు అడిగిండు. కింద ఎవరో పికప్ అడ్డం పెట్టినట్టున్నరు, హారన్ ఆపుతలేరు.

ఉంట మరి.